49 దాటిన ఆడవాళ్లు ఏ లెక్కలో ఉన్నారు?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 విడత బృందం హైదరాబాద్ బోరబండలో ఓ ఇంటి తలుపు తట్టిందనుకోండి. ఆ ఇంట్లో భర్తకు 52 ఏళ్లు, భార్యకు 50. మగవాళ్ల ప్రశ్నావళికి ఆ ఇల్లు ఎంపికైతే భర్త వేలికి సూది గుచ్చి రక్తహీనత ఉందో లేదో చూసేవారు. భార్యకు చూసేవారు కాదు. ఆ సర్వేలో పురుషులకు వయోపరిమితి 54, స్త్రీలకు 49. కాన్పులు, కుటుంబ నియంత్రణ వివరాల కోసం 1992-93లో మొదలైన సర్వే కనుక, బిడ్డను కనే వయసు దాటిన మనిషితో దానికి పని లేకుండా పోయింది. ఆ విడతలో రక్తపోటు, చక్కెర పరీక్షలు 15 దాటిన అందరికీ చేశారు. అది మంచి మార్పే. రక్తహీనత, గృహహింస, గర్భసంచి ఆపరేషన్ల విషయంలో మాత్రం గీత 49 దగ్గరే ఉండిపోయింది.

ఈ గీత వల్ల తెలుగు రాష్ట్రాలకు నష్టం ఎక్కువ. 2015-16 సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. ఇందులో, ఇరవై ఏళ్ల కింద ఆపరేషన్ అయి ఇప్పుడు అరవైలో ఉన్న ఆమె లేదు. తెల్లబట్ట అయిందనో, నెలసరి ఎక్కువవుతోందనో, వదిలేస్తే క్యాన్సర్ అవుతుందనో భయపెట్టి ముప్ఫై అయిదేళ్లకే సంచి తీసేసిన కేసులు మన పల్లెల్లో, బస్తీల్లో ఎన్నో. అండాశయాలు కూడా తీసేస్తే హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది. ఒంట్లో వేడి సెగలు, నిద్రలేమి అప్పుడే మొదలవుతాయి. ఎముకలు ముందే గుల్లబారుతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. యాభై అయిదేళ్లకు బాత్రూంలో జారి తుంటి విరిగితే, దాని మూలం ఇరవై ఏళ్ల కిందటి ఆపరేషన్‌లో ఉండొచ్చని ఎవరికీ తట్టదు.

అండాశయాలు తీశారా ఉంచారా, గర్భాశయ ముఖం (సంచి కింది మూతి) ఉందా లేదా అన్నది చాలామందికి తెలియదు. ‘పెద్దాపరేషన్ అయింది’ అన్న ఒక్క మాటే గుర్తుంటుంది. ముఖం ఉంచి పైభాగమే తీసి ఉంటే గర్భాశయ ముఖ క్యాన్సర్ పరీక్ష ఇంకా అవసరమే. సంచే లేదు, పరీక్ష ఎందుకని ఆమె రాదు, రమ్మని పిలిచేవారూ ఉండరు. అందుకే డిశ్చార్జి కాగితం, తీసిన భాగానికి చేసిన బయాప్సీ రిపోర్టు రేషన్ కార్డంత భద్రంగా దాచుకోవాలి. అవసరం లేని ఆపరేషన్లను ఆపేందుకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు తెచ్చింది. వాటిని మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. నలభై ఏళ్లలోపు వారికి చేసిన ప్రతి ఆపరేషన్‌నూ, ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవాటితో సహా, జిల్లా స్థాయిలో విచారించి వివరాలు బయటపెట్టాలని మా డిమాండ్.

ఇంకొకటి ప్రతి ఇంట్లో తెలియాలి. ముట్లు ఆగి ఏడాది నిండాక ఒక్క చుక్క రక్తం కనిపించినా అది ‘మళ్లీ ముట్టు’ కాదు. వెంటనే స్కానింగ్ చేయించాలి. గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షకు పంపాలి. చాలాసార్లు ప్రమాదమేమీ ఉండదు. కానీ గర్భాశయ క్యాన్సర్ తొలి దశలోనే ఇలా బయటపడుతుంది, అప్పుడు చాలావరకు నయమవుతుంది. సిగ్గుతోనో, ఇంట్లో పెళ్లి పనులున్నాయనో ఆరు నెలలు ఆగితే పరిస్థితి వేరు.

తెలంగాణలో ‘ఆరోగ్య మహిళ’ కేంద్రాలు 2023 మార్చి 8న మొదలయ్యాయి. క్యాన్సర్, థైరాయిడ్ పరీక్షలతోపాటు ముట్లుడిగే దశ సమస్యలకూ అక్కడ చోటిచ్చారు. ఆలోచన గొప్పది. చిక్కు రోజుతోనే. ఆ సేవలకు పెట్టిన మంగళవారం, నాలుగిళ్లలో గిన్నెలు తోమే ఆమెకు పనిదినం. ఒక పూట మానితే జీతంలో కోత, ఇంటామె సణుగుడు. ఆదివారం పొద్దున, పనిరోజుల్లో సాయంత్రం ఆరు దాటాక కూడా ఈ సేవలు ఉండాలి. మోకాళ్ల నొప్పి, మూత్రం ఆపుకోలేకపోవడం, సంచి జారడం గురించి నర్సే ముందుగా అడగాలి. అడగందే మనవాళ్లు నోరు విప్పరు. ఎముకల సంగతీ అక్కడే చెప్పాలి. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉంది. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలన్నది అక్కడి నుంచి వచ్చిన లెక్కే. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 350, గ్లాసు పాలలో 240 దాకా ఉంటుంది. ఇంటిల్లిపాదికీ పాలు పంచి తను డికాషన్‌తో సరిపెట్టుకునే అమ్మకు ఈ లెక్క ఎవరు చెప్పారు?

ఆస్తి దగ్గరా ఇదే తరం దెబ్బతింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతోనే హక్కునిస్తూ హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మాత్రం పక్కన పెట్టింది. వాళ్లే ఇప్పుడు అరవై దాటిన, దాటబోతున్న తల్లులు. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తీసేసినా, 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకాలను కదపలేదు. పుట్టింటి వాటా అలా పోగా, భర్త పోయాక పిల్లలతో సమానంగా రావలసిన భాగాన్ని హక్కు విడుదల పత్రం మీద సంతకంతో వదులుకుంటున్నారు. మిగిలిన ఇల్లు గిఫ్ట్ డీడ్‌గా కొడుకు పేరు మీదకు వెళుతుంది.

ఆ డీడ్‌లో ‘తిండి, మందులు, ఉండటానికి చోటు జీవితాంతం చూడాలి’ అన్న షరతు రాయించుకోవాలి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద, కొడుకు ఆ షరతు తప్పితే అలాంటి బదిలీని రద్దు చేయించవచ్చు. షరతు లేకపోతే కుదరదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అంది. ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు చేసేలా ఉదారంగా చదవాలని 2025 జనవరిలో చెప్పింది. అయినా తీర్పుల మీద ఆధారపడేకంటే ఒక వాక్యం రాయించుకోవడం తేలిక. ఫిర్యాదు ఆర్డీవో నేతృత్వంలోని ట్రైబ్యునల్‌కు ఇవ్వాలి. హైదరాబాద్ జిల్లాలో హైదరాబాద్, సికింద్రాబాద్ రెండు డివిజన్లున్నాయి. 14567 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. పోషణ భత్యం పిటిషన్ నోటీసు అందిన 90 రోజుల్లో తేలాలి, ప్రత్యేక కారణముంటే మరో 30. భత్యం పరిమితి ఇప్పటికీ నెలకు 10,000 రూపాయలే. హైదరాబాద్ అద్దెలు, మందుల ధరల ముందు అదేపాటి?

కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలు 18-49 ఏళ్ల వారికే అడుగుతారు కాబట్టి, కొడుకు చెయ్యి చేసుకున్న తల్లి ఆ లెక్కలో లేనే లేదు. 45 దాటినవారిపై 2017-18లో జరిగిన లాసీ (దేశంలో వృద్ధాప్యంపై దీర్ఘకాల అధ్యయనం) సర్వే 72 వేల మందికి పైగా కలిసింది. ఎంతో విలువైన పని. కానీ అది బస్తీకో, మండలానికో లెక్క చెప్పదు. 2024 నవంబరులో కులగణన కోసం ఇంటింటికీ తిరిగిన రాష్ట్రానికి, 45 దాటిన స్త్రీల వివరాలు సేకరించడం అసాధ్యం కాదు. బస్తీ దవాఖానా రిజిస్టరులోనే నాలుగు గడులు చేర్చాలి: ముట్లు ఏ వయసులో ఆగాయి, ఆపరేషన్ అయితే ఏమేం తీశారు, ఎముక ఎప్పుడైనా విరిగిందా, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా. చివరి ప్రశ్న పక్కన కోడలో కొడుకో లేనప్పుడే అడగాలి. రెండు ఆర్డీవో కార్యాలయాలూ ఎంతమంది స్త్రీలు పిటిషన్ వేశారో, గడువులో ఎన్ని తేలాయో, ఉత్తర్వు వచ్చాక ఎందరి చేతికి డబ్బు అందిందో నెలనెలా నోటీసు బోర్డు మీద పెట్టాలి.