దిండు మీద రక్తపు మరక నులిపురుగుల పనా?

వారం రోజులుగా గుంటూరులో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. "నిద్రలో చిన్నపిల్లల నోట్లోంచి రక్తం వస్తే కడుపులో నులిపురుగులు ఉన్నట్టే. కాకపోతే ఒళ్లు వేడి చేసినట్టు. రెండూ కాకపోతే బ్లడ్ క్యాన్సర్. వెంటనే చిగుళ్లకు లవంగనూనె, పసుపు రాయండి" అని. పోయిన మే నెలలో ఏడాదిన్నర పాప దిండు చూసి వణికిపోయినదాన్ని, ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు పురుగుల సంగతి. అవి ఉండేది పేగుల్లో. కొన్ని రాత్రిళ్లు మలద్వారం దగ్గర దురద పెడతాయి, కొన్ని పేగుల్లోనే రక్తం పీలుస్తాయి. నోట్లోకొచ్చి చిగుళ్లు మాత్రం కొరకవు. అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ వేయించండి, మంచిదే. కానీ ఈ మరకకు అది మందు కాదు.

"వేడి" మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. మా పాప దిండు మీద మరక రూపాయి బిళ్లంత, చుట్టూ లేత గులాబీ అంచు. ఫోను టార్చి వేసి నోరంతా వెతికాను, ఎక్కడా గాయం లేదు. కొత్తపేటలో పిల్లల డాక్టరుగారు నోరు చూసి, ఆనక ముక్కు కొన పైకెత్తారు. లోపల మధ్యగోడ మీద ఆవగింజంత ఎండిన పక్కు! "రాత్రంతా ఏసీ వేస్తున్నారామ్మా?" అన్నారు. గుంటూరు మే నెలలో వేయక చస్తామా! పొడిగాలికి ముక్కు ఎండుతుంది, పిల్ల వేలు పెట్టి గీకుతుంది. పడుకున్నప్పుడు ఆ రక్తం గొంతులోకి జారి, చొంగతో కలిసి నోట్లోంచి వస్తుంది. రెండు చుక్కలైనా చొంగలో కలిస్తే బోలెడు కనిపిస్తుంది. సబ్జా నీళ్లు కాదు, ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు వేసి గోళ్లు కత్తిరించమన్నారు.

నోట్లోంచే వచ్చినా కారణం చిన్నదే కావచ్చు. నిద్రలో బుగ్గో నాలుకో కొరుక్కోవడం, పగలు పడినప్పుడు పైపెదవిని చిగురుకు కలిపే లోపలి తీగ చిట్లడం, పన్ను వచ్చేచోట నీలంగా ఉబ్బడం. ఆ ఉబ్బు చాలావరకు పన్ను బయటికి రాగానే పోతుంది, సూదితో పొడవకండి.

క్యాన్సర్ అంటారా? ల్యుకేమియాలో, అంటే బ్లడ్ క్యాన్సర్‌లో, చిగుళ్ల నుంచి రక్తం రావడం నిజమే. అయితే సాధారణంగా దాంతోపాటు బిడ్డ పాలిపోవడం, తగ్గని జ్వరం, దెబ్బ తగలకుండా కమిలిన మచ్చలు, చర్మం మీద సన్నటి ఎర్రచుక్కలు కూడా ఉంటాయి. అవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. 10 నిమిషాలు అదిమినా ఆగకపోయినా, మళ్లీ మళ్లీ వస్తున్నా డాక్టరుకు చూపించాల్సిందే. హీమోఫీలియా (రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు) ఉన్న పిల్లల్లో ఇలాంటి చిన్న గాయం నుంచి కూడా రక్తం గంటల తరబడి కారుతుంది. బటన్ బ్యాటరీ (గుండీలా ఉండే చిన్న గుండ్రటి బ్యాటరీ) మింగిందన్న అనుమానం ఉంటే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే.

అన్నిటికన్నా ప్రమాదం ఆ లవంగనూనె. చంటిపిల్లలు మింగితే ఫిట్స్ రావచ్చు, కాలేయం దెబ్బతినొచ్చు. ఇక పసుపు దుగ్గిరాలదే తెచ్చి రాసినా, చిగురంతా పచ్చగా అయిపోతుంది. డాక్టరు గాయం వెతకాలంటే ముందు దాన్ని కడగాలి.