ఫ్రిజ్‌కి చెవులు కుట్టించు ముహూర్తం

అమెరికాలో ఇల్లు కొన్న తెలుగువాడి గరాజ్‌లోకి రెండో ఫ్రిజ్ ఇడ్లీ పిండి పేరు చెప్పుకుని వస్తుంది. కొన్నాళ్లకి ఇంటాయన కళ్లు దాని తలుపు మీద పడతాయి. లోపల బీరు కెగ్గు (పీపా), బయట కొళాయి, మధ్యలో అడ్డం ఆ ఒక్క తలుపేగా! ఇంట్లో బీరు కాచుకోవడానికి అధ్యక్షుడు కార్టర్ 1978లోనే సంతకం పెట్టేశాడు. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్లు. కన్నం ఎక్కడ పెట్టాలో మాత్రం ఆ చట్టంలో రాయించడం మరిచాడు.

పిల్లకి చెవులు కుట్టించాలంటే తిథి చూస్తాం, చెయ్యి తిరిగిన కంసాలిని పిలుస్తాం. ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి "ఎక్కడైతేనేం, అంతా రేకేగా" అంటూ డ్రిల్లు పట్టుకుని దిగిపోతాం. పక్కగోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. చాలా ఫ్రిజ్‌లకి అక్కడ వెచ్చగా తగులుతుంది. అది జ్వరం కాదు. లోపలి వేడిని బయటికి వదిలే గొట్టం రేకు వెనకే మెలికలు తిరిగి ఉంది. డ్రిల్లు దాన్ని తాకితే బుస్సుమంటుంది, ఆ బుస్సుతోనే ఫ్రిజ్ ప్రాణం పోతుంది. కొత్త ఫ్రిజ్‌లు చాలావాటిలో ఆ గొట్టంలో ఉండేది ఐసోబ్యూటేన్, సిగరెట్ లైటర్లో గ్యాసుకి దగ్గరి చుట్టం. పక్కనే గ్యాసు వాటర్ హీటర్ కూడా ఉంటే దీపారాధన దానంతటదే జరిగిపోతుంది.

కాబట్టి కుట్టాల్సింది తలుపుకే. మామూలు తలుపులో గ్యాసు గొట్టాలుండవు. ఐసూ నీళ్లూ ఇచ్చే తలుపులో, తెర మెరిసే తలుపులో వైర్లుంటాయి, వాటి జోలికి పోకండి. పక్కగోడే కావాలని పంతమైతే కార్న్‌స్టార్చ్‌ని రబ్బింగ్ ఆల్కహాల్‌లో పల్చగా కలిపి, ఫ్రిజ్ నడుస్తుండగా బయట పూయండి (దగ్గర్లో నిప్పు ఉండకూడదు). వేడి గొట్టం మీద పూత ముందు ఆరి, ముగ్గేసినట్టు తెల్లగా తేలుతుంది. చల్లటి గొట్టాలు ఈ ముగ్గులో పడవు. అందుకే గోడల నిండా అవే ఉండే చెస్ట్ ఫ్రీజర్‌ని అసలు కుట్టరు. మూతకీ పెట్టెకీ మధ్య చెక్క చట్రం బిగించి, ఆ చెక్కకే కన్నాలు పెడతారు.

ముందు ప్లగ్గు పీకండి. తలుపు లోపలి అరలు తీసెయ్యండి. కొళాయి కింద గ్లాసు పట్టేంత, పిడి పైన ఫ్రీజర్ తలుపు తెరుచుకునేంత జాగా చూసుకుని మాస్కింగ్ టేపు అంటించండి. తలుపులోంచి దూరి కొళాయిని పట్టుకునే గొట్టమే షాంకు, దాని మందం 7/8 అంగుళం. గుండ్రంగా కన్నం కోసే హోల్‌సా మాత్రం షాంకు మీద తొడిగే పీవీసీ గొట్టం బయటి కొలతకి సరిపడేది ఉండాలి. బయటి రేకు తెగగానే ఆపండి. ఫోమ్‌ని స్క్రూడ్రైవర్‌తో తవ్వండి, లోపలి ప్లాస్టిక్‌ని లోపలి నుంచే, బలం పెట్టకుండా కోయండి. ఆత్రపడితే అప్పడంలా పగులుతుంది. తలుపు మందానికి కోసిన పీవీసీ గొట్టం ముక్క కన్నంలో దూర్చకపోతే నట్టు బిగించేకొద్దీ ఫోమ్ నలిగి తలుపు సొట్టపోతుంది. అంచుకి సిలికాన్ పూయకపోతే తేమ చేరి తుప్పు పడుతుంది.

ఇంత చేసి, బీరు పైపు దగ్గర మూడడుగులతో పొదుపు చేసేవారున్నారు. వారికి గ్లాసులో నురగే నైవేద్యం. 38 డిగ్రీల ఫారన్‌హీట్‌లో, 12 పీఎస్ఐ గ్యాసు ఒత్తిడి దగ్గర, 3/16 అంగుళం లోపలి కొలత ఉన్న పైపు పదడుగులైనా ఉండాలి. బీరుని కొళాయి దాకా తోసే కార్బన్ డయాక్సైడ్ పైపు కీళ్లన్నిటికీ సబ్బునీళ్లు రాసి బుడగలొస్తాయేమో చూడాలి. బద్ధకిస్తే తెల్లారేసరికి సిలిండర్ ఖాళీ.

అయిదు గాలన్ల కెగ్గుల కోసం లోపలి అరలు కూడా పీకేశాక, వెనకాల కంప్రెసర్ మీది గూని ఒక్కటే మిగులుతుంది. జానెడు జాగా. అక్కడ కూర్చునేది గ్యాసు సిలిండరా, ఇడ్లీ పిండి గిన్నా అన్నది డ్రిల్లు పట్టకముందే ఇంట్లో తేల్చుకోండి.