నొప్పి తెలియకపోవడం నిర్లక్ష్యం కాదు
మధుమేహం ఉన్నవారు కాళ్లు పోగొట్టుకునేది కేవలం నిర్లక్ష్యం వల్లేనని ఒక వ్యాసకర్త రాసిన మాటతో నేను ఏకీభవించలేను. మా నాన్నగారు ఒక్కపూట కూడా మాత్ర మానలేదు. చెప్పులో దిగిన మేకు రోజంతా అరికాలిని గుచ్చుతున్నా ఆయనకు తెలియలేదు. సాయంత్రం గచ్చు మీద రక్తపు అడుగులు చూసి అమ్మ కేక వేసింది. ఏళ్ల తరబడి చక్కెర నరాలను దెబ్బతీశాక ఇక నొప్పి ఎక్కడినుంచి తెలుస్తుంది? 10 గ్రాముల ఒత్తిడికి వంగే మోనోఫిలమెంట్ అనే సన్నని నైలాన్ పోగుతో పాదాన్ని అక్కడక్కడ తాకి చూస్తే స్పర్శ తగ్గిందో లేదో కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. 12 ఏళ్ల వైద్యంలో ఆయనకు ఆ పరీక్ష ఎవరూ చేయలేదు, చెప్పులు విప్పమని కూడా అడగలేదు. చివరికి ఆ గాయమైన కాలిని మోకాలి కింద తీసేశాక, లేని పాదంలో బొటనవేలు మండుతోందని రాత్రిళ్లు లేచి కూర్చునేవారు. మేము భ్రమ అనుకుని సర్దిచెప్పాం, ఆ తప్పు మాదే. అది నిజమైన నొప్పేననీ, దానికి మందులున్నాయనీ కృత్రిమ కాలు అమర్చిన చోట చెప్పారు. ఇప్పుడు జైపూర్ కాలుతో పొలం గట్టు దాకా నడుస్తున్నారు. మిగిలిన కాలిని రోజూ రాత్రి అమ్మ ఒళ్లో పెట్టుకుని, టార్చిలైటు వేసి వేళ్ల సందులన్నీ చూస్తుంది.