యాదృచ్ఛిక సమితి వారికి, మా డాబా మీది నుంచి

మహారాజశ్రీ యాదృచ్ఛిక సమితి వారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మేమిక్కడ క్షేమం. తమరు ఎక్కడ ఉన్నారో, ఎంతమేర పరుచుకున్నారో, అసలు ఉన్నారో శూన్యమో తెలియదు గనక తమ క్షేమం సంగతి ప్రత్యేకంగా రాయనక్కర్లేదు.

ముందు తమ పేరు గురించి. మా పెద్దనాన్నకు తమ సంగతి చెప్పబోతే "ప్రెసిడెంటెవర్రా?" అన్నాడు. పంచాయతీ సమితుల కాలం మనిషి, పాపం. ఆ సమితి కాదు పెద్దనాన్నా, లెక్కల్లో సమితి అన్నాను. పదో తరగతిలో ఫ్లవర్ బ్రాకెట్లలో కూర్చోబెట్టిన సమితికి సభ్యులెవరో పక్కాగా తెలుసు. దీంట్లో మాత్రం ఎవరుంటారో, ఎందరుంటారో, అది ఏ ఆకారంలో తేలుతుందో చీటీ తీస్తేగానీ తెలియదు అని చెప్పాను. కాసేపు ఆలోచించి, "మా సమితీ అంతేగదరా, కోరం సంగతి మీటింగు రోజే తెలిసేది" అన్నాడు. తమరు ఇంత తొందరగా అర్థమైనవాణ్ణి నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఇక అసలు ఫిర్యాదు. వేసవిలో అమ్మ డాబా మీద నాన్న పాత పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. చెంచాతో పోసి గుండ్రంగా తిప్పిన వడియాలు, ఒక్కొక్కటి అడ్డంగా నాలుగు సెంటీమీటర్లు. మధ్యాహ్నం మూడింటికి, ఎండ కాస్తుండగానే, చినుకులు రాలాయి. ఒక్కో చినుకుకు గచ్చు మీద రెండు సెంటీమీటర్ల మచ్చ. చదరపు మీటరుకు సుమారు వంద మచ్చలు. (అమ్మ పంచె లాగుతుంటే నేను చినుకులు లెక్కపెడుతున్నాను. దానికి పడాల్సిన తిట్లు పడ్డాయి, అది వేరే సంగతి.)

నాన్న పైకొచ్చి చూసి, "ఏం వాన పడిందని గోల? డాబా అంతా పొడిగానే ఉందిగా" అన్నాడు. అమ్మ, "నాలుగింటికొకటి నానిపోతే కనపడటం లేదా?" అంది. రాత్రి అన్నాల దాకా నడిచింది ఆ పంచాయతీ.

తీరా లెక్కేస్తే ఇద్దరిదీ నిజమే. డాబాలో తడిసింది నూటికి మూడు పాళ్ళే. చినుకు తిన్న వడియాలు మాత్రం నూటికి పాతిక! ఎందుకంటే చినుకు వచ్చి వడియం నడినెత్తిన పడనక్కర్లేదు. అంచుకు రాసుకున్నా చాలు. చినుకు నడిమధ్య వడియం నడిమధ్యకు మూడు సెంటీమీటర్ల లోపు పడితే వడియం పని అయిపోయినట్టే. అంటే నడిమధ్య నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో ఉన్న వడియం అంచును ఇంకో సెంటీమీటరు బయటికి ఉబ్బించి లెక్కేసుకోవాలి. ఆ ఉబ్బిన వడియం వైశాల్యం చినుకు మచ్చకు తొమ్మిదింతలు. తమ బంధువర్గంలో ఈ చినుకుల మచ్చల కుప్పను బూలియన్ మోడల్ అంటారట. మా ఇంట్లో దాన్ని వేరే మాటతో పిలిచారు, పెద్దమనుషుల ఉత్తరంలో రాయలేను.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, తమ జాతకమంతా అమ్మ అడిగిన ఆ ఒక్క ప్రశ్నలోనే ఉందట: తగిలిందా, తగల్లేదా? బిందువంత వస్తువు పెట్టి చూడు, వడియమంత పెట్టి చూడు, అప్పడమంత పెట్టి చూడు; ఇలా ఏ ఆకారం ఎక్కడ పెట్టినా దానికి తమరు తగిలే సంభావ్యత తెలిస్తే తమ గురించి తెలుసుకోవాల్సింది ఇంకేమీ మిగలదు. 1950ల్లో గణితవేత్త గుస్తావ్ షోకే వేసిన పునాది మీద 1970ల్లో కేంబ్రిడ్జిలో డేవిడ్ కెండల్, ఫ్రాన్సులో జార్జ్ మాతెరోన్ ఎవరికి వారుగా తమకు ఇల్లు కట్టారు. మాతెరోన్ గనుల మనిషి. ఆయన, ఆయన శిష్యుడు ఝాన్ సెరా కలిసి ఫ్రాన్సులోని లొరైన్ ప్రాంతపు ఇనుప ఖనిజం ముక్కల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, వాటి మీద చిన్న చిన్న ఆకారాలు జరుపుతూ ఇదే అడిగారు: తగిలిందా, లేదా? వడియాన్ని ఉబ్బించిన కిటుకే అక్కడా. స్కాన్ చేసిన కాగితం మీద చుక్కలు తుడవటానికీ, రక్తపు స్లైడులో అతుక్కున్న కణాలను విడదీసి లెక్కపెట్టటానికీ ఆ సంతతి పద్ధతులే వాడుతున్నారు. రాయిని అడిగితే శాస్త్రం, వడియాన్ని అడిగితే చాదస్తం!

తమ సగటు సంగతి కూడా మాట్లాడాలి. మా కుళాయి బాగుచేసే ఆయన "పదికైనా వస్తా, ఆరుకైనా వస్తా, మధ్యలో మాత్రం రాను" అన్నాడు. రెండే బిందువులు కదా, మధ్యలో ఊళ్ళో పనులు చూసుకోవచ్చనుకున్నాను. కానీ 1965లో గణితవేత్త రాబర్ట్ ఆమన్ చూపిన పద్ధతిలో తమ సగటు తీస్తే పది నుంచి ఆరు దాకా మొత్తం నిండిపోతుంది! మధ్యలో రానన్నవాడి సగటు మధ్యలోనే తిరుగుతుంది. ఆ ఆమన్‌కు 2005లో నోబెల్ వచ్చింది, అది వేరే పనికి లెండి. జీతం ఎంతని అడిగితే "యాభై, ఎనభై మధ్య" అని తప్పించుకునేవాళ్ళ జవాబులతో ఆర్థికవేత్తలు కుస్తీ పట్టేది కూడా తమ గోదాలోనే. పెళ్ళిచూపుల్లో మాకది ఎప్పట్నుంచో అలవాటు.

రాడార్ల వాళ్ళ సంగతి ఇక పొడిగించను. తెర మీద చుక్కలు ఎన్నో, వాటిలో విమానాలెన్నో, పిట్టలెన్నో, కనపడకుండా పోయినవెన్నో తెలియక తలపట్టుకుంటే, 2003లో రొనాల్డ్ మాహ్లర్ ఒక ఉపాయం చెప్పాడు: ఎవరెవరని పేరుపేరునా వెంటాడకు, ఏ మేరలో ఎందరుండొచ్చో సాంద్రత పట్టుకో. మా పెళ్ళిళ్ళ వంటమేస్త్రీ కార్డులెన్ని పంచారని ఏనాడూ అడగడు. పందిట్లోకి ఒకసారి తొంగిచూసి, "ఈ బంతికి నూట ఇరవై ఆకులెయ్యండి" అంటాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ చినుకు తిన్న ఒక వడియాల కుటుంబీకుడు

తా.క.: లెక్క అమ్మకు చూపించాను. ఈసారి రూపాయి బిళ్ళంత వడియాలు పెట్టింది. అదే వాన పడితే చినుకు తినేవి నూటికి పన్నెండే. తీరా వాన పడలేదు. అన్నీ గలగలా ఎండాయి. నూనెలో వేసి తిరిగి చూసేలోపు మాడిపోతున్నాయని నాన్న కంచం ముందు కూర్చుని తమ చిరునామా అడుగుతున్నాడు.