మా గోడకు మసి పూసే హక్కు ఎవరిచ్చారు?

అర్ధరాత్రి డ్యూటీ దిగి వస్తే, నా ఇంటి ముందు నన్నే ఆపి "ఎక్కడికి?" అన్నాడు ఒక బౌన్సర్. తాళంచెవి నా చేతిలో ఉంది, తలుపు ఎదురుగా కనబడుతోంది. అయినా సినిమా షూటింగ్ వాళ్ల షాట్ అయ్యేదాకా కదలడానికి వీల్లేదట. హీరో సందు మలుపులోంచి పరుగెత్తుకొచ్చి తోపుడుబండిని తన్నాలి. ఆ బండేమో వాళ్లకు కావలసిన వైపు పడదు. టేక్ మీద టేక్. ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది, నిద్ర పట్టక రాస్తున్నాను.

అనుమతి ఉందంటూ ఒక కాగితం చూపించారు. ఎవరి అనుమతి? సంతకం ఏదో కార్యాలయంలో జరిగింది, రుసుము అక్కడే కట్టారు. నగరం నడిబొడ్డున ఇరుకు వీధుల్లో బతికేవాళ్లను అడగాలని ఎవరికీ తోచదు. జనరేటర్ వ్యాను మా కిటికీల కిందే పెట్టారు. తెల్లవార్లూ ఆ మోత, ఆ డీజిల్ పొగ. క్రేనుకు కట్టిన లైట్లు నేరుగా పడకగదుల్లోకి కొడుతుంటే పసిపిల్లలు ఎలా పడుకుంటారు? పొడిగా ఉన్న రోడ్డును ట్యాంకర్ తెచ్చి తడిపారు. తడి నేల మీద వెలుతురు మెరిస్తే రాత్రి సీను కెమెరాకు బాగుంటుంది, అందుకు! పెద్ద దుకాణాల వాళ్లకు ఎంతో కొంత ముట్టజెప్పి మూయించారు. రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్లను మాత్రం ఊరికే లేపేశారు, ఆ రోజు బేరం పోతే వాళ్లు ఏం తినాలో ఎవరికీ పట్టలేదు.

ఇదంతా ఒక ఎత్తు, గోడ ఒక్కటీ ఒక ఎత్తు. వీధివాళ్లం తలా కొంత వేసుకుని రంగు వేయించుకున్న గోడ అది. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు దానిమీద మసిరంగు కొట్టారు. స్పాంజితో అద్ది, వాననీళ్లు కారినట్టు చారలు దింపారు. పోస్టర్లు అంటించి, ఆరకముందే సగం సగం చింపారు. మేం ఊడ్చి ఉంచుకున్న మూలలో బస్తాల కొద్దీ చెత్త పోశారు. ఆ చెత్తను కూడా వ్యానులో వేసుకుని వాళ్లే తెచ్చారు! ఇదేమిటని అడిగితే "సహజంగా కనబడాలి కదండీ" అన్నారు. మేం రోజూ నడిచే వీధి సహజంగా లేదా?

అసలు నా మంట ఈ ఒక్క రాత్రిది కాదు. ఏ సినిమా చూసినా రౌడీల అడ్డా మాలాంటి వీధిలోనే ఉంటుంది. హత్య జరిగేది మా సందులోనే, దొంగసరుకు దాచేది మా మేడ మీదే. నిన్న కూడా అంతే. మా వీధి కుర్రాళ్లకు ఒక పూట కూలి ఇచ్చి జూనియర్ ఆర్టిస్టులుగా నిలబెట్టారు. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లవాడికి జుట్టు చెరిపి, ముఖానికి జిడ్డు రాసి, చేతికి రబ్బరు కత్తి ఇచ్చారు. రేపు ఈ చిరునామా రాసి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేది ఆ పిల్లవాడే. అద్దె ఇల్లు అడిగినా, పెళ్లి సంబంధం మాట్లాడినా "ఓహో, ఆ వీధా" అంటారు. ఆ మాట నేను కూడా చాలాసార్లు పడ్డాను.

ఇది మా ఒక్కరి గోడు కాదు. న్యూయార్క్‌లోని సౌత్ బ్రాంక్స్‌లో ఒక పోలీసు సినిమా తీస్తుంటే, తమను నేరస్తుల్లా చూపిస్తున్నారని అక్కడి జనం వీధికెక్కారు. 1981లో ఆ సినిమా విడుదలైనప్పుడు మొదట్లో ఒక ప్రకటన వేశారు. ఇది పోలీసుల పనికి సంబంధించిన కథ కాబట్టి చట్టానికి కట్టుబడి బతికే స్థానికుల గురించి ఇందులో చెప్పడం లేదని దాని సారాంశం. రెండు గంటల బురదకు రెండు వాక్యాల సంజాయిషీ!

వచ్చే నెల మరో షెడ్యూలుకు మళ్లీ వస్తారట. రానివ్వండి. ముందు ఆ గోడకు మా రంగు మళ్లీ వేయించాలి, లేపేసిన వాళ్లందరికీ ఆ రోజు బేరం కట్టివ్వాలి, జనరేటర్‌ను వీధి బయట పెట్టాలి. అప్పటిదాకా వ్యాను మలుపు తిరగదు. అడ్డంగా మేమందరం నిలబడతాం.