కొట్టేసిన జవాబు: ఒంటరితనాన్ని ఆడించి చూపే ఆటలు

2013లో ఇంటర్నెట్‌లో ఉచితంగా విడుదలైన ‘డిప్రెషన్ క్వెస్ట్’ అనే ఆటలో తుపాకులు లేవు, పరుగులు లేవు. తెర మీద ఒక సందర్భాన్ని వర్ణించే కొన్ని పేరాలు, వాటి కింద ఏం చేయాలో ఎంచుకోవడానికి నాలుగైదు జవాబులు ఉంటాయి, అంతే. ఎవరికైనా ముందుగా తట్టే ఆరోగ్యకరమైన జవాబు కూడా అక్కడే కనిపిస్తుంది, కానీ దాని మీద అడ్డంగా గీత కొట్టేసి ఉంటుంది. ఎన్నిసార్లు నొక్కినా అది పలకదు. పాత్ర కుంగుబాటు ముదిరే కొద్దీ కొట్టేసిన జవాబులు పెరుగుతాయి, మిగిలినవాటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. కుంగుబాటు గురించి ఎన్ని వ్యాసాలు చదివినా తెలియని సంగతి ఒకటి ఈ ఒక్క గీత నేర్పుతుంది: చేయాల్సింది ఏమిటో ఆ మనిషికి తెలుసు, కళ్లెదుటే ఉంది, చెయ్యి మాత్రం అక్కడిదాకా వెళ్లదు.

విజయవాడలోనో గుంటూరులోనో ఇంటర్మీడియట్ హాస్టల్ ముందు ఆదివారం పూట కాసేపు నిలబడినవారికి ఈ కొట్టేసిన జవాబు పరిచయమే. ఊళ్ల నుంచి క్యారియర్లతో వచ్చిన తల్లిదండ్రులు చెట్ల కింద దుప్పట్లు పరుచుకుని పిల్లలకు అన్నం తినిపిస్తుంటారు. అన్నం కెలుకుతూ ఒక పిల్ల ‘ఇక్కడ ఉండలేకపోతున్నా’ అంటుంది. ‘అందరూ ఉండటం లేదా తల్లీ, మనసు పెట్టి చదువు, నలుగురితో కలువు, పొద్దున్నే లేచి కాసేపు నడువు’ అని తండ్రి నచ్చజెబుతాడు. అందులో ఒక్క మాటా తప్పు కాదు, ఒక్క మాటలోనూ ప్రేమకు లోటు లేదు. కాకపోతే ఆయన చెప్పిన ప్రతి దాని మీదా ఆ పిల్లకు ఇదివరకే గీత కొట్టేసి ఉంది. ఒంటరితనాన్ని, మానసిక అస్వస్థతను వస్తువుగా తీసుకున్న వీడియో గేమ్‌లను మనం తీవ్రంగా పట్టించుకోవాలని నేను అనడానికి కారణం ఇదే. సలహా ఎందుకు పనిచేయదో వివరించి ఒప్పించడం చాలా కష్టం. ఆట దాన్ని వివరించకుండా, ఆడేవాళ్ల వేళ్లకే తెలిసేలా చేస్తుంది.

బెంగ, దిగులు, గుబులు, మనాది అని మన భాషలో ఈ బాధకు ఎన్ని ఛాయలున్నాయో చూడండి. ఇన్ని మాటలున్న భాషలో కూడా బాధ ముదిరిన మనిషి గురించి మాట్లాడవలసి వచ్చేసరికి మనం గొంతు తగ్గిస్తాం. మా చిన్నప్పుడు మా వీధిలో తనలో తాను మాట్లాడుకునే ఒక ఆమెకు ‘గాలి సోకింది’ అనేవారు. ఆమెకు ఏం వినిపిస్తోందని అడిగినవారు ఉన్నట్టు నాకు గుర్తు లేదు.

ఆ ప్రశ్నకు జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత ‘హెల్‌బ్లేడ్: సెనువాస్ శాక్రిఫైస్’ అనే ఆటలో దొరికింది. బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన నింజా థియరీ సంస్థ 2017లో దీన్ని విడుదల చేసింది. సెనువా అనే యోధురాలు చనిపోయిన ప్రియుడి ఆత్మను వెతుక్కుంటూ మృత్యులోకానికి ప్రయాణిస్తుంది, ఆమెకు సైకోసిస్, అంటే లేనివి కనిపించే, వినిపించే మానసిక అస్వస్థత ఉంది. రూపకర్తలు దీన్ని ఊహించి రాసుకోలేదు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ మానసిక వైద్య ఆచార్యుడు పాల్ ఫ్లెచర్‌తోనూ, సైకోసిస్‌ను స్వయంగా అనుభవించినవారితోనూ కలిసి పనిచేశారు, ఆరోగ్య పరిశోధనలకు నిధులిచ్చే వెల్‌కమ్ ట్రస్ట్ తోడ్పాటు ఇచ్చింది. గుంటూరు బ్రాడీపేటలోని మా గదిలో ఒక రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఈ ఆట మొదలుపెట్టాను, గంట తిరగకుండానే తీసి పక్కన పెట్టాను. చెవుల చుట్టూ తిరుగుతూ, ఒకటి ఎడమ పక్క, ఇంకొకటి వెనక నుంచి గుసగుసలాడే ఆ గొంతులు ఒక క్షణం ఎగతాళి చేస్తాయి, మరుక్షణం వెనక శత్రువున్నాడని హెచ్చరిస్తాయి. నమ్మితే ఒక కష్టం, నమ్మకపోతే ఇంకొక కష్టం. వాటి నోరు మూయించే బటన్ ఆటలో ఎక్కడా లేదు.

అంతకన్నా నన్ను ఎక్కువగా కదిలించింది సెనువా తండ్రి పాత్ర. సెనువా తల్లికీ ఇలాగే గొంతులు వినిపించేవి. తండ్రి దాన్ని దేవతల శాపమన్నాడు, భార్యను కాల్చి చంపించాడు, కూతురికి కూడా అదే శాపం తగిలిందని లోకానికి దూరంగా ఉంచాడు. ఆమెను చీకట్లోకి నెట్టింది జబ్బు ఒక్కటే కాదని, జబ్బుకు చుట్టూ ఉన్నవాళ్లు పెట్టిన పేరు కూడా అని ఆట నెమ్మదిగా తెలియజేస్తుంది. ఉత్తర ఐరోపా పురాణాల నడుమ సాగే ఈ కథలో మా వీధి ఆమె నాకు అడుగడుగునా కనిపించింది. ముగింపులో గొంతులు మాయం కావు. సెనువా వాటితోనే నడక సాగిస్తుంది, అలా ముగించడం నిజాయతీ అని నేను భావిస్తాను.

2018లో వచ్చిన ‘సెలెస్ట్’ దీనికి పూర్తిగా భిన్నమైన ఆట. మాడెలిన్ అనే అమ్మాయి ఒక కొండ ఎక్కుతుంది, అంతకుమించి కథ లేదనే చెప్పవచ్చు. తాడు మీద వేలాడే బండి మధ్యలో ఆగిపోయి ఆమెకు ఊపిరాడనప్పుడు తోటి ప్రయాణికుడు ఒక ఈకను ఊహించుకోమంటాడు. ఆడేవాళ్లు బటన్‌ను నొక్కుతూ వదులుతూ ఆ ఈకను గాలిలో నిలబెట్టాలి, దానితోపాటే మనకు తెలియకుండా మన శ్వాస కూడా నెమ్మదిస్తుంది. మాడెలిన్‌ను నిరుత్సాహపరిచే ఆమెలోని భాగం మరో అమ్మాయి రూపంలో వెంటాడుతుంది. నిన్ను వదిలించుకుంటానని మాడెలిన్ అన్నప్పుడు ఇద్దరూ కొండ అడుగుకు పడిపోతారు, రాజీపడ్డాకే పైకి ఎక్కగలుగుతారు. ఈ ఆటలో వందలసార్లు చనిపోతాం. ఆ లెక్కను చూసి గర్వపడమని, ఎన్నిసార్లు పోతే అంత నేర్చుకుంటున్నట్టని ఆటలోనే ఒక ఉత్తరం చెబుతుంది. మరీ కష్టమనిపిస్తే వేగం తగ్గించుకునే సదుపాయం కూడా ఇచ్చారు. వారం వారం పరీక్షల ర్యాంకులు నోటీసు బోర్డుకు ఎక్కే ఊళ్లో, ఒక ర్యాంకు కోసం ఏడాదంతా లాంగ్ టర్మ్‌లో కూర్చున్న పిల్లవాడికి ఆ ఉత్తరం రాయడం మనలో ఎందరికి చేతనవుతుంది?

పిల్లల ఒంటరితనం గురించి ఎంత మాట్లాడినా, కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఇంకో ఒంటరితనం ఇళ్లల్లో తలుపులేసుకుని ఉంది. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ మూడు పడకగదుల ఫ్లాటులో ఉన్న ఇళ్లు మనకు కొత్త కాదు. 2023లో టొరంటోలోని ఒక చిన్న బృందం తెచ్చిన ‘వెణ్బా’ ఆటను నేను అందుకే పదిమందికి చూపిస్తుంటాను. తమిళనాడు నుంచి కెనడా వెళ్లి స్థిరపడిన వెణ్బా అనే ఇల్లాలి కథ ఇది. ఆటంతా వంట. తల్లి ఇచ్చిన వంటల పుస్తకంలో కాగితాలు చిరిగి, సిరా అలికిపోయి ఉంటుంది. ఇడ్లీకి ఏది ముందో ఏది వెనకో మనమే పోల్చుకుని వండాలి. కొడుకు పెరిగేకొద్దీ భాషకూ, ఇంటికీ దూరమవుతాడు. భర్త పోయాక ఒంటరిగా మిగిలిన ఆమె కొడుకు వస్తున్నాడని అన్నీ వండి పెడుతుంది, అతను రాలేకపోతున్నానని కబురు పెడతాడు. మనం మన చేత్తో వండిన వంటకాలు తెర మీద అలాగే ఉండిపోతాయి. ఒక సినిమాలో ఈ దృశ్యం చూసి జాలిపడతాం, ఆటలో మాత్రం అరగంట శ్రమ మనది కాబట్టి ఆ చల్లారిపోవడం కూడా మనదే అవుతుంది. మాకు తెలిసిన ఒకావిడ, కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, ఈ ఘట్టం దాకా నా పక్కన కూర్చుని చూసి, ‘ఆ పిల్లాడిని తిట్టబుద్ధి కావడం లేదు, వాడికీ ఎవరూ లేరు కదా’ అన్నారు. ఆటను నాకన్నా ఆవిడే బాగా అర్థం చేసుకున్నారు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదికలో తెలిపింది. మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇంత పెద్ద అగాధాన్ని ఆటలు పూడుస్తాయని ఎవరైనా అంటే నమ్మకూడదు. చికిత్స కోసమే తయారైన ఆటలు వేరు. న్యూజిలాండ్‌లో పరిశోధకులు తయారుచేసిన ‘స్పార్క్స్’ను 187 మంది కౌమార వయస్కులతో పరీక్షించి, మామూలుగా అందే కౌన్సెలింగ్‌కు తీసిపోదని 2012లో ప్రకటించారు. నేను పైన చెప్పినవి అలాంటివి కావు, అవి కళాఖండాలు. కుంగుబాటు లోతుగా ఉన్నవారికి వాటిలో కొన్ని బరువు పెంచవచ్చు కూడా. ఆత్మహత్య ఆలోచన దాకా వెళ్లిన మనిషికి ఆట చేతికివ్వడం ద్రోహం. అలాంటప్పుడు వెంటనే వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. 2022 నుంచి పనిచేస్తున్న ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ ఉచిత నంబరు 14416లో తెలుగులోనూ మాట్లాడతారు.

ఇంకో భయం కూడా న్యాయమైనదే. ఆటలకు బానిసవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో చేర్చింది, 2022 నుంచి అది అమల్లో ఉంది. ఆన్‌లైన్ రమ్మీని ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటిపై 2025లో పార్లమెంటే చట్టం చేసింది. ఒంటరి మనిషిని లేవనివ్వకుండా కట్టిపడేసి అతని దగ్గర డబ్బు గుంజే ఆటలకూ, కొన్ని గంటల్లో ముగిసి అతన్ని తిరిగి లోకంలోకి పంపే ఆటలకూ తేడా ఉంది. ఇంట్లో మాత్రం రెండింటికీ ఒకే తిట్టు పడుతోంది. ‘ఎప్పుడు చూసినా ఆ ఫోనే’ అన్న తర్వాత ఆ పిల్లవాడు తాను చూసిన సెనువా గురించి మనతో ఇక చెప్పడు.

ఇవన్నీ ఇంగ్లీషులో ఉండటం, చాలా వాటికి మంచి కంప్యూటరో కన్సోలో కావలసి రావడం మనవాళ్లకు పెద్ద అడ్డంకి. అందుకే విజయవాడ, గుంటూరుల చుట్టూ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీల వైపు ఆశగా చూస్తాను. డిప్రెషన్ క్వెస్ట్ లాంటి ఆటకు కావలసింది అక్షరాలు, లింకులు, నిజాయతీ మాత్రమే. హాస్టల్ బతుకు తెలిసిన ఇద్దరు విద్యార్థులు ఒక సెలవుల్లో దాన్ని తెలుగులో, మామూలు ఫోన్‌లో ఆడేలా తయారు చేయగలరు. నేనైతే దాన్ని హాస్టల్ వరండాలో మొదలుపెడతాను. రాత్రి భోజనాల తర్వాత ఫోను కోసం వరసలో నిలబడిన పిల్ల వంతు వస్తుంది, వెనక ఇంకా ఇరవై మంది ఉన్నారు, రెండు నిమిషాల సమయం ఉంది. అవతల అమ్మ ‘ఎలా ఉన్నావు తల్లీ’ అంటుంది. తెర మీద నాలుగు జవాబులు. ‘నిద్ర పట్టడం లేదమ్మా’, కొట్టేసి ఉంటుంది. ‘నాతో ఎవరూ మాట్లాడటం లేదు’, కొట్టేసి ఉంటుంది. ‘వచ్చి తీసుకెళ్లు’, దాని మీదా గీతే. నొక్కడానికి వీలైనది ఒక్కటే మిగులుతుంది: ‘బాగున్నానమ్మా.’