తెల్ల కాగితంలో వాటర్‌మార్క్ వెతికిన మహాతల్లి

ఇక్కడ అమెరికాలో డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసు నుంచి ఇప్పుడే ఇంటికొచ్చి పడ్డాను. ఊబర్‌లో. నా కారు గరాజ్‌లో నిక్షేపంలా ఉంది, నడపడానికి నాకే అర్హత లేదట. పోయిన శుక్రవారంతో లైసెన్స్ గడువు అయిపోయింది. కొత్తది ఇవ్వడానికి వాళ్లకి ఇంకా నా మీద నమ్మకం కుదరలేదు.

కౌంటర్‌లో ఆవిడ నా ఐ-94ని, అంటే నేను ఈ దేశంలోకి ఎప్పుడొచ్చానో, ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే కాగితాన్ని, రెండు చేతులతో ఎత్తి లైటుకు అడ్డంగా పట్టుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. సంతలో ఐదొందల నోటు చూసినట్టు గోటితో ఓ మూల గీకింది కూడా. అమ్మా, అది నిన్న రాత్రి అన్నం తిన్నాక నేను మా ఇంటి ప్రింటర్‌లో తీసుకున్న కాగితం! విమానంలో వచ్చేవాళ్లకు ఆ కాగితం కార్డులు మానేసి, 2013లో ఆన్‌లైన్‌లో పెట్టింది మీ ప్రభుత్వమే కదా. మీ వెబ్‌సైట్‌లోంచి నా ఇంకు ఖర్చుపెట్టి తీసిన తెల్ల కాగితంలో వాటర్‌మార్క్ ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? చదవాల్సింది దాని మీదున్న నంబరు. అది తప్ప అన్నీ చూసింది.

సరే, చివరికి ‘సేవ్’లో కొట్టింది. హెచ్1బీ ఉద్యోగ వీసా వాళ్లకి, వాళ్ల వెంట హెచ్4 మీద వచ్చిన కుటుంబాలకి ఈ పేరు వింటేనే కడుపులో తిప్పుతుంది. ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గరున్న రికార్డుతో మన కాగితాలు సరిచూసే సిస్టమ్ అది. మన అదృష్టం బాగుంటే కొన్ని సెకన్లలో సరే అంటుంది. లేదంటే ఇంకా పరిశీలించాలి, ఇంటికి వెళ్లి కేస్ నంబర్‌తో చెక్ చేసుకోండి అంటారు. ఎన్నాళ్లు? ఎవరికీ తెలీదు. పిల్లాడిని స్కూల్ నుంచి ఎవరు తేవాలి? అది కూడా ‘సేవ్’నే అడగాలేమో.

మా ఆయన తాపీగా, “సెక్యూరిటీ కోసం చేస్తారు, తప్పేముంది” అన్నాడు. తప్పేమీ లేదండీ. 2001 దాడుల తర్వాత పుట్టిన రూలని నాకూ తెలుసు. లైసెన్సులు, ఐడీ కార్డులు ఇచ్చేముందు ఏయే కాగితాలు చూడాలో చెప్పే రియల్ ఐడీ చట్టం 2005లో తెచ్చారు. పాస్‌పోర్టు తప్ప వేరే దేశం కాగితం ఏదీ చెల్లదని అందులోనే రాశారు. ఇంత అర్జెంటు సెక్యూరిటీని విమానాశ్రయాల్లో అమలు చేయడం మొదలుపెట్టింది 2025 మే 7న. ఇరవై ఏళ్లు! అదే నేను నాలుగు రోజులు ఆలస్యంగా వెళ్తే, “ముందే రావాలి కదా మేడమ్” అని నీతులు.

సెక్యూరిటీ అంటే అసలు ముచ్చట చెప్తా వినండి. 2023 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో లైసెన్సులిచ్చే డిపార్ట్‌మెంట్, డీపీఎస్ వాళ్లు ఒప్పుకున్న సంగతి. ఒక దొంగల ముఠా ఎక్కడో కొట్టేసిన వివరాలతో రాష్ట్ర పోర్టల్‌లో సెక్యూరిటీ ప్రశ్నలకు జవాబులిచ్చి, వేరేవాళ్ల పేర్లతో డూప్లికేట్ లైసెన్సులు ఆర్డర్ పెట్టింది. డిపార్ట్‌మెంట్ వాళ్లు భక్తిగా కవర్లో పెట్టి పోస్టు చేశారు. ఒకటి కాదు, పది కాదు, కనీసం 3,000. ఎవరివనుకున్నారు? ఆసియా వాళ్ల పేర్లు ఏరి ఏరి మరీ. నా కాగితాన్ని గోటితో గీకే దేశంలో దొంగకి ఇంటికే డెలివరీ.

అదే ఏడాది జూన్‌లో మూవిట్ అనే ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్‌లో కన్నం పడి, ఒరెగాన్‌లో దాదాపు 35 లక్షల మంది లైసెన్స్, ఐడీ వివరాలు పోయాయి. లూసియానాలో అయితే రాష్ట్రం లైసెన్స్ ఉన్నవాళ్లందరివీ పోయి ఉండొచ్చన్నారు. అందరివీ! నా పాస్‌పోర్టు, వీసా, అద్దె కాగితం, కరెంటు బిల్లు, అన్నీ స్కాన్ చేసి దాచుకునేది ఇలాంటి సిస్టమ్‌లలోనేగా. తాళం నా చేత కొనిపించి, తలుపు వాళ్లు తీసిపెడతారు.

ఇక మన వాట్సాప్ గ్రూపులు. “మూడో కౌంటర్ ఆంటీ దగ్గరికి వెళ్లొద్దు, నలభై మైళ్ల అవతల చిన్న ఊళ్లో ఆఫీసు ఉంది, అక్కడ తాతగారు అడక్కుండానే ఇచ్చేస్తారు” అని సలహాలు. తాతగారి మూడ్ మీద నడిచేదాన్ని సిస్టమ్ అంటారా? అలాగని మనకేదో గొప్పని కాదు. మా ఊళ్లో నేను ఎనిమిది వేయకుండానే ఎనిమిది వేసినట్టు లైసెన్స్ వచ్చింది, బ్రోకర్ గారి దయ. అది వేరే పోస్టు.

ఇంతకీ ‘సేవ్’ ఎందుకు ఆగిందో తెలుసా? పేరు! నా పేరు నాలుగు ముక్కలు. నాయనమ్మది ఒకటి, తిరుపతి మొక్కు ఒకటి, ముద్దుది ఒకటి, ముందు ఇంటిపేరు. మా ఊళ్లో పాస్‌పోర్టు అప్లికేషన్ నింపిన జిరాక్స్ షాపు మహానుభావుడు ఇవన్నీ కలిపి గివెన్ నేమ్ గడిలో కుక్కి, సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేశాడు. “ఏం కాదమ్మా, అందరికీ ఇట్టాగే నింపుతా” అన్నాడు. మా నాన్న పక్కనే నిలబడి తలూపాడు. పదిహేనేళ్లయింది, ఆ తలూపుడు నాకింకా గుర్తుంది.

వీసా మీద ఆ నాలుగు ముక్కలూ సర్‌నేమ్‌కి వెళ్లాయి. పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ. ఫస్ట్ నేమ్ అన్‌నోన్! పాస్‌పోర్టులో ఒకలా, వీసాలో ఇంకోలా, పాత లైసెన్స్‌లో గడి చాలక సగంలో తెగిపోయి మూడోలా. ఆవిడ ఏది చూసి కొట్టిందో ఆ దేవుడికే తెలియాలి. ఇరవై ఎనిమిదేళ్లు నన్ను పేరు పెట్టి పిలిచిన మా అమ్మకి తెలిస్తే ఏడుస్తుంది. అంత పొడుగు పేరు పెట్టింది ఆవిడే అనుకోండి.

గంటన్నర కూర్చున్నాక మైకులో పిలుపు: “ఫ్నూ! ఫ్నూ!” ఎవరో తుమ్మారనుకున్నా. నా పక్కన కుర్తాలో ఉన్న అబ్బాయి కూడా లేచాడు, అతనూ ఫ్నూనేనట. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పేరు మార్చుకుందామంటే కొత్త పాస్‌పోర్టు, దానికి పాస్‌పోర్టు సెంటర్‌లో అపాయింట్‌మెంట్, ఆ ఊరికి రెండు గంటలు కారు నడపాలి. ఏ లైసెన్స్‌తో నడపమంటారు?

గురువారం మళ్లీ రమ్మన్నారు. ఎవరైనా ఐ-94 కలర్‌లో, మందపాటి కాగితం మీద తీసుకెళ్లి చూపించినవాళ్లుంటే కామెంట్‌లో చెప్పండి. నాన్నా, నువ్వు లైక్ కొట్టి వెళ్లిపోకు. ఆ జిరాక్స్ షాపు ఇంకా ఉందేమో కనుక్కో.